ఇబిజాలో గైడెడ్ జెట్ స్కీ టూర్: లైసెన్స్ లేదు, ఆవిడకు ఈత రాదు, వెళ్లొచ్చా?

అడిగింది ఇదీ: "సెప్టెంబర్ రెండో వారంలో నేనూ మా ఆవిడా స్పెయిన్‌లోని ఇబిజా దీవికి వెళ్తున్నాం. మా పదో పెళ్లిరోజు. శాన్ ఆంటోనియోలో ఐదు రాత్రులు ఉంటాం. ఎస్ వెద్రా అనే రాతి దీవి దాకా తీసుకెళ్లే రెండు గంటల గైడెడ్ జెట్ స్కీ టూర్ బుక్ చేద్దామనుకుంటున్నాను. నాకు లైసెన్స్ లేదు. రుషికొండలో ఒకసారి ఎక్కాను, అంతే. ఆవిడకు ఈత రాదు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో రోజూ యాక్టివా నడుపుతాను కాబట్టి కంట్రోల్ విషయంలో టెన్షన్ లేదు. ఏమైనా జాగ్రత్తలు చెప్పగలరా?"

వెళ్లొచ్చండి. అయితే రెండు గంటలది వద్దు, గంటది చాలు. ఆవిడకు ఈత రాకపోవడం మీరనుకున్నంత పెద్ద సమస్య కాదు. నిజానికి నాకు భయమేసింది మీరు ధైర్యంగా చెప్పిన ఆ యాక్టివా మాటకే.

నా సంగతి కొంచెం చెప్తాను, లేకపోతే ఇదంతా ఎందుకు నమ్మాలో మీకు తెలియదు. మాది భీమిలి. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి స్పెయిన్ వచ్చి, సరిగ్గా మీరు దిగబోయే శాన్ ఆంటోనియో బేలోనే ఒక జెట్ స్కీ బేస్‌లో, అంటే బండ్లు అద్దెకిచ్చి టూర్లు నడిపే చోట, నాలుగు వేసవులు పనిచేశాను. మొదటి ఏడాది లైఫ్ జాకెట్లు ఉతకడం, పాస్‌పోర్టులు చూడటం. తర్వాత ఇక్కడి లైసెన్స్ తీసుకుని గుంపు ముందు గైడ్‌గా వెళ్లాను. ఇప్పుడు బార్సిలోనాలో వేరే పని చేసుకుంటున్నాను. ఏ కంపెనీ మంచిదని మాత్రం అడగొద్దు, చెప్పను.

ముందు లైసెన్స్ సంగతి. స్పెయిన్‌లో జెట్ స్కీని మీ ఇష్టం వచ్చిన చోటికి మీరే తోలుకెళ్లాలంటే లైసెన్స్ తప్పనిసరి. లేనివాళ్లకు 2002లో వచ్చిన రాయల్ డిక్రీ, అంటే అక్కడి ప్రభుత్వ ఉత్తర్వు, రెండు దారులు వదిలింది. ఒకటి, బోయాలు (నీళ్ల మీద తేలే గుర్తులు) కట్టి గుర్తించిన సర్క్యూట్‌లో, కనిపెట్టుకుని ఉండే మనిషి కళ్లముందు గుండ్రంగా తిరగడం. రెండోది, గైడ్ వెనకాల గుంపుగా తీరం వెంట వెళ్లి రావడం. అంటే గైడెడ్ టూర్ అనేది ఇక్కడ దర్జా కోసం పెట్టుకునేది కాదు, మీలాంటివాళ్లకు చట్టం ఇచ్చిన వెసులుబాటు. కాబట్టి బీచ్‌లో ఎవరైనా "లైసెన్స్ అక్కర్లేదు, గైడూ అక్కర్లేదు, ఓ గంట తిరిగి రండి" అంటే తక్కువ ధరకు ఆశపడకుండా అక్కణ్ణుంచి వచ్చేయండి. నడిపేవాళ్లకు 18 ఏళ్లు నిండాలి. 16, 17 ఏళ్లవాళ్లకైతే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. పగటిపూట మాత్రమే నడపాలి. మందు తాగి వస్తే ఎక్కించరు. ముందు రాత్రి క్లబ్‌కు వెళ్లి తెల్లారేదాకా ఉంటే ఆ మర్నాడు ఉదయం స్లాట్ పెట్టుకోకండి. ఇబిజాలో ఇది రోజూ చూసే తమాషా.

రుషికొండలో మీరు ఎక్కినప్పుడు వెనక ఆపరేటర్ కూర్చుని ఉంటాడు. చేతులు మీవే అయినా బండి అతని చేతిలోనే ఉంటుంది. ఇక్కడ అలా కాదు. గైడ్ వేరే బండి మీద మీకు యాభై మీటర్ల ముందుంటాడు. మీ బండి మీద ఉండేది మీరూ, మీ ఆవిడా. కొన్ని బేస్‌ల బండ్లకు గైడ్ దగ్గర రిమోట్ ఉంటుంది, దాంతో మీ ఇంజిన్ ఆపేయగలడు. అది ఉన్నా సరే, మొదటి రెండు మూడు సెకన్లలో జరగాల్సింది జరిగిపోతుంది. ఆ రెండు సెకన్లలో మీ చెయ్యి ఏం చేస్తుందన్నదే అసలు సంగతి. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

జెట్ స్కీకి బయట తిరిగే ప్రొపెల్లర్ ఉండదు. పడవలకుండే చుక్కానీ ఉండదు. అడుగున ఉన్న జాలీ గుండా నీళ్లు లోపలికి లాక్కుని, పంపులోని ఇంపెల్లర్‌తో వెనక నాజిల్ గుండా బలంగా చిమ్ముతుంది. ఆ చిమ్మే ఒత్తిడికే బండి ముందుకు పోతుంది. మీరు హ్యాండిల్ తిప్పితే తిరిగేది ఆ నాజిల్ మాత్రమే. పెరట్లో మొక్కలకు నీళ్లు పట్టే పైపు గుర్తు తెచ్చుకోండి. నీళ్లు జోరుగా వస్తున్నప్పుడు పైపు చివర తిప్పితే చేతికి తోపు తెలుస్తుంది. పంపు కట్టేశాక ఎంత తిప్పినా ఏమీ ఉండదు. ఇదీ అంతే. గ్యాస్ ఇస్తున్నంతసేపే బండి మలుపు తిరుగుతుంది. గ్యాస్ వదిలేసి హ్యాండిల్ పూర్తిగా తిప్పినా అది సూటిగానే పోతుంది. మీరు తిప్పిన వైపుకు కాదు, అప్పటిదాకా పోతున్న వైపుకు.

ఇప్పుడు కారు నడిపేవాణ్ణి ఊహించుకోండి. ఎదురుగా ఏదో కనబడగానే మొట్టమొదట చేసే పని కాలు యాక్సిలరేటర్ మీంచి తీసేయడం. జెట్ స్కీ మీద ఆ అలవాటే వేలిని లివర్ మీంచి తీయిస్తుంది. దాంతో తిప్పుకునే అవకాశం పోతుంది. వేగం కూడా వెంటనే తగ్గదు. దాన్ని బట్టి యాభై నుంచి తొంభై మీటర్ల దాకా బండి జారుకుంటూ పోతుంది. నా రెండో సీజన్‌లో ఒక ఇటాలియన్ కుర్రాడు సరిగ్గా ఇలాగే లంగరు వేసి ఉన్న పడవను గుద్దాడు. హ్యాండిల్ ఎడమవైపు పూర్తిగా తిప్పి ఉంది. బండి మాత్రం గీత గీసినట్టు సూటిగా వెళ్లి తగిలింది. మణికట్టు విరిగింది. "తిప్పాను కదా, ఎందుకు తిరగలేదు?" అని ఆస్పత్రికి వెళ్లే దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు. పొద్దున బ్రీఫింగ్‌లో అతనికి ఈ మాట చెప్పింది నేనే. విని తలూపాడు కూడా.

మీ యాక్టివా అలవాటు దీనికి సరిగ్గా తలకిందులు. స్కూటర్‌కు కుడి చేతి కింద ఉండే లివర్ బ్రేక్. ఏళ్ల తరబడి, ఆటో అడ్డం వచ్చిన ప్రతిసారీ, ఆలోచించకుండా మీరు ఆ లివర్‌ను గట్టిగా నొక్కేసి ఉంటారు. జెట్ స్కీలో సరిగ్గా ఆ చోటే, కుడి చేతి వేళ్ల కిందే ఉండే లివర్ గ్యాస్. భయపడి నొక్కితే బండి ఎగిరి దూకుతుంది. అద్దె బండ్లలో మామూలుగా వంద హార్స్‌పవర్‌కు అటూ ఇటూ ఇంజిన్ ఉంటుంది. బరువు మూడు వందల కిలోల పైమాటే. ఒకసారి బెంగళూరు నుంచి వచ్చిన జంటను తీసుకెళ్తున్నాను. కాలా బస్సా అనే బీచ్ దగ్గర ఈతగాళ్లు కనిపిస్తే చెయ్యెత్తి గుంపును నెమ్మది చేశాను. వెనకనున్నాయన నన్ను చూసి కంగారుపడి "బ్రేక్" పట్టాడు. నా భుజం పక్కనుంచి రెండు మీటర్ల దూరంలో దూసుకుపోయాడు. వాళ్లావిడ వెనక్కి పడి నీళ్లలో తేలింది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన మాత్రం ఒడ్డుకు వచ్చేదాకా "బ్రేక్ పట్టానండీ, బండిలోనే ఏదో ఫాల్ట్ ఉంది" అంటూనే ఉన్నాడు. బండి శుభ్రంగా ఉంది. పదేళ్లు స్కూటర్ నడిపిన చెయ్యి అది.

బ్రేక్ ఉన్న బండ్లు లేవా అంటే ఉన్నాయి. జెట్ స్కీలు తయారుచేసే సీ-డూ 2009లో బ్రేక్, రివర్స్ కలిసిన పద్ధతి తెచ్చింది, ఆ లివర్ ఎడమ చేతికి ఉంటుంది. తర్వాత యమహా కూడా తెచ్చింది. అయితే అద్దెకు తిరిగే బండ్లన్నిటికీ అది ఉండదు. ఎక్కేముందు "దీనికి ఎడమవైపు బ్రేక్ ఉందా?" అని అడగండి. ఉంటే మీ పని కొంత తేలిక. స్కూటర్‌వాళ్లు భయంలో రెండు లివర్లూ నొక్కేస్తారు, అలాంటప్పుడు బ్రేక్‌దే పైచేయి అవుతుంది.

మరి ఏం చేయాలి? బయల్దేరిన వెంటనే బే మధ్యలో, చుట్టూ ఎవరూ లేనిచోట గైడ్ మిమ్మల్ని కాసేపు అలవాటు పడనిస్తాడు. అందరూ ఆ అయిదు నిమిషాలూ వేగం చూసుకోవడానికి వాడుకుంటారు. మీరు అలా చేయకండి. గంటకు ముప్పై కిలోమీటర్ల దగ్గర గ్యాస్ పూర్తిగా వదిలి హ్యాండిల్ తిప్పి చూడండి, బండి తిరగకపోవడం మీ ఒంటికి తెలియాలి. తర్వాత అదే వేగంలో కొద్దిగా గ్యాస్ ఉంచి తిప్పండి. తేడా ఒక్కసారి ఒంటికి తెలిస్తే చాలు, పది బ్రీఫింగ్‌ల పెట్టు. ఎదురుగా ఖాళీ ఉంటే గ్యాస్ వదిలేయండి. ఎదురుగా ఏదైనా ఉంటే గ్యాస్ ఉంచి పక్కకు తిప్పండి. ముందు బండికీ మీకూ మధ్య ఎప్పుడూ యాభై మీటర్లకు తగ్గకుండా ఉంటే ఈ రెండోదాని అవసరం దాదాపు రాదు. కుడి చేతిలో ఒక్క చూపుడు వేలే లివర్ మీద పెట్టి, మిగతా వేళ్లతో పిడిని పట్టుకోమని నేను స్కూటర్‌వాళ్లకు ప్రత్యేకంగా చెప్పేవాణ్ణి. నాలుగు వేళ్లూ లివర్ మీద ఉంటేనే ఆ పాత అలవాటు బయటికొస్తుంది.

ఇప్పుడు మీ ఆవిడ సంగతి. లైఫ్ జాకెట్ వేసుకున్నాక ఈత రావడం, రాకపోవడం మధ్య తేడా చాలా తగ్గిపోతుంది. స్పృహలో ఉన్న మనిషిని అది తేల్చి ఉంచుతుంది. ప్రమాదం నీళ్లలో పడటంలో లేదు, పడ్డ మొదటి పది సెకన్ల కంగారులో ఉంది. నీళ్లు ముక్కులోకి పోతాయి, జాకెట్ చెవుల దాకా లేస్తుంది, ఊపిరి అందదనిపిస్తుంది. ఈ అనుభవం మొదటిసారి నడిసముద్రంలో కలగకూడదు. ముందు రోజు హోటల్ పూల్‌లో ఆవిణ్ణి నడుము లోతు నీళ్లలో వెనక్కి వాలి తేలమనండి, మీరు పట్టుకోండి. టూర్ రోజున, బేస్ దగ్గర బయల్దేరేముందు, జాకెట్ వేసుకుని ఒడ్డు పక్కన నీళ్లలో ఒకసారి దిగి తేలి చూస్తామని అడగండి. ఎవరూ కాదనరు. నేనైతే ఈత రానివాళ్లను అడగకుండానే దింపేవాణ్ణి. జాకెట్ సరిపోయిందో లేదో చూడటానికి చిన్న పద్ధతి ఉంది. బకిల్స్ అన్నీ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాటి పైకి వస్తే అది వదులు, చిన్నది అడగండి.

ఎర్రటి తాడు ఒకటి ఇస్తారు, ఒక చివర బండికి, ఇంకో చివర నడిపేవారి మణికట్టుకో జాకెట్‌కో. పడిపోతే అది ఊడి ఇంజిన్ ఆగిపోతుంది. బండి మిమ్మల్ని వదిలి వెళ్లిపోకుండా కాపాడేది అదే. అడ్డంగా ఉందని తీసి హ్యాండిల్‌కు చుట్టేవాళ్లు ఉంటారు. అలా చేయకండి. కానీ గమనించండి, తాడు మీకు మాత్రమే ఉంటుంది. వెనక ఉన్న ఆవిడ ఒక్కరే పడితే ఇంజిన్ ఆగదు. అందుకే రెండు మూడు నిమిషాలకోసారి "ఉన్నావా?" అని అరిచి అడుగుతూ ఉండండి. నవ్వులాట కాదు. వెనక మనిషి పడిపోయిన సంగతి తెలియకుండా అర కిలోమీటరు వెళ్లిపోయిన మొగుళ్లను చూశాను.

వెనక కూర్చున్నవాళ్లు మీ జాకెట్ బెల్టు పట్టుకోవాలి, లేదా నడుము చుట్టూ చేతులు వెయ్యాలి. మలుపులో మీతోపాటే వాలాలి. భయంతో అవతలివైపు వాలితే బండి తేలిగ్గా తిరగబడుతుంది. రెండు చేతులూ పట్టుకోవడానికే కావాలి కాబట్టి ఫోన్‌తో రీల్స్ అనే మాట మర్చిపోండి. ఫోటోలు గైడే తీస్తాడు, తర్వాత డబ్బులకు అమ్ముతాడు, అదో వ్యాపారం. ఒకవేళ బండి తిరగబడితే దాన్ని మీరు తిప్పబోకండి. వెనక భాగంలో ఏవైపుకు తిప్పాలో బాణం గుర్తు అంటించి ఉంటుంది. అటు కాకుండా ఇటు తిప్పితే ఇంజిన్‌లోకి నీళ్లు పోతాయి, బిల్లు మీకు వస్తుంది. తేలుతూ ఉండండి, గైడ్ వస్తాడు.

చాలా బేస్‌లలో ఎందుకో మొహమాటపడి సరిగా చెప్పని విషయం ఒకటుంది. నేను సూటిగానే రాస్తాను. వెనక నాజిల్ నుంచి వచ్చే నీటి ధార చాలా బలమైనది. వెనక్కి పడిన మనిషి ఆ ధారకు ఎదురుపడితే నీళ్లు శరీర రంధ్రాల్లోంచి లోపలికి చొచ్చుకుపోయి లోపలి అవయవాలకు తీవ్రమైన గాయాలు చేయగలవు. బండి మీద అంటించిన హెచ్చరికలోనే ఇది ఉంటుంది, వెట్ సూట్ (ఒంటికి అంటుకుని ఉండే రబ్బరులాంటి మందపాటి సూట్) కింది భాగం వేసుకోమని కూడా ఉంటుంది. మామూలు ఈత దుస్తులు దీన్ని ఆపవు. కాబట్టి ఇద్దరికీ పొట్టి కాళ్లదైనా సరే వెట్ సూట్ అడిగి వేసుకోండి. సెప్టెంబర్‌లో సముద్రం ఇరవై నాలుగు, ఇరవై అయిదు డిగ్రీలు ఉంటుంది, చలికోసం అవసరం లేదు, దీనికోసం కావాలి. పడ్డాక తిరిగి ఎక్కేది వెనకనుంచే. ఆవిడ ఎక్కుతున్నంతసేపూ ఇంజిన్ ఆపి ఉంచండి. బయల్దేరేటప్పుడు ఒక్కసారిగా గ్యాస్ లాగకండి, వెనకవాళ్లు పడేది ఎక్కువగా అప్పుడే.

వెనక కూర్చున్నవాళ్లకు వచ్చే రెండో ఇబ్బంది నడుము. పెద్ద పడవ వెళ్లాక లేచే అలను వేగంగా దాటితే బండి గాల్లోకి లేచి గట్టిగా పడుతుంది. ఆ దెబ్బంతా కూర్చున్న మనిషి వెన్నుకే. ముందున్న మీకు అల కనిపిస్తుంది, ఆవిడకు మీ వీపే కనిపిస్తుంది. అలను చూడగానే "అల!" అని అరవండి, ఇద్దరూ కాళ్ల మీద బరువు వేసి సీటు మీంచి కొంచెం లేవండి, నెమ్మదిగా వంకరగా దాటండి. ఇద్దరిలో ఎవరికైనా డిస్క్ సమస్య ఉన్నా, గర్భం అనుమానం ఉన్నా ఈ టూర్ వద్దు. పదో పెళ్లిరోజు కదా, ఈ మాట రాయక తప్పలేదు.

రెండు గంటలది ఎందుకు వద్దన్నానో చెప్తాను. శాన్ ఆంటోనియో నుంచి ఎస్ వెద్రాకు సముద్రం మీద రానూ పోనూ ముప్పై అయిదు కిలోమీటర్లకు పైనే. రోడ్డు మీద ఇదేమంత దూరం అనిపిస్తుంది. నీళ్ల మీద మొదటిసారి నడిపేవాడికి ముంజేతులు నలభై నిమిషాలకే పట్టేస్తాయి, తొడలు వణుకుతాయి. అలిసిపోయిన చెయ్యి పైన చెప్పిన తప్పులే చేస్తుంది, అదీ తిరుగు దారిలో, పడవలు ఎక్కువగా ఉండే చోట. గంట టూర్‌లో మామూలుగా బే దాటి పడమటి తీరం వెంట కాలా బస్సా, ప్లాట్జెస్ దె కొంతె వైపు తీసుకెళ్తారు, ఎదురుగా కొనిల్లెరా దీవి కనిపిస్తుంది. కొందరు ఉత్తరంగా మార్గలిదెస్ రాళ్ల వైపు తీసుకెళ్తారు, తోరణంలాంటి రాయి అది. రెండూ అందమైనవే. నన్నడిగితే పడమటి దారికే ఓటు, నీళ్లు అక్కడ అద్దంలా ఉంటాయి.

ఆ అద్దం వెనక కథ చిన్నది చెప్పి ముందుకు వెళ్తాను. అడుగున ముదురు మచ్చల్లా కనిపించేది నాచు కాదు, పొసిడోనియా అనే సముద్రపు గడ్డి. పూలు పూస్తుంది, కాయలు కాస్తుంది. నీళ్లలోని మన్నును పట్టి ఉంచేది అదే. 1999లో యునెస్కో ఇబిజాను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఈ గడ్డి మైదానాలూ అందులో ఉన్నాయి. ఒడ్డున గోధుమరంగు ఆకుల గుట్టలు కనిపిస్తే మురికి అనుకోకండి, అవి దాని రాలిన ఆకులే. జెట్ స్కీకి మాత్రం ఆ తేలే ఆకులు శత్రువు, అడుగునున్న జాలీ లాక్కుంటుంది, బండి లాగడం మానేస్తుంది. అలా శక్తి తగ్గినట్టనిపిస్తే ఇంకా గ్యాస్ ఇవ్వకండి, ఇంజిన్ ఆపి చెయ్యెత్తండి. జాలీ లాక్కునేవాటిలో జుట్టు, వదులు బట్టలు, తాళ్లు కూడా ఉంటాయి. జడ ముడేసుకోమనండి. నల్లపూసలు, పుస్తెలతాడు హోటల్ లాకర్‌లో పెట్టడం ఆవిడకు ఇష్టం లేకపోతే వెట్ సూట్ లోపల ఉండాలి, జాకెట్ మీద కాదు. ఉంగరాలు మాత్రం తీసేయండి. తడిసిన వేళ్లు సన్నబడతాయి, అక్కడ పోయిన ఉంగరం మళ్లీ దొరకదు.

స్లాట్ ఏదైనా ఫర్వాలేదనుకోకండి, ఉదయం మొదటిదే తీసుకోండి. ఈ సముద్రానికి ఆటుపోట్లు లేవన్నంత తక్కువ. భీమిలిలో పెరిగిన నాకు మొదట్లో అది వింతగా ఉండేది. ఇక్కడ సముద్రాన్ని లేపేది గాలే. ఎండాకాలం ఉదయం తొమ్మిది, పది దాకా చెరువులా ఉంటుంది. నేల వేడెక్కేకొద్దీ సముద్రంనుంచి గాలి లేస్తుంది, మధ్యాహ్నానికి చిన్న చిన్న అలలు దగ్గరదగ్గరగా వస్తాయి. వైజాగ్ అలలంత ఎత్తు ఉండవు కానీ జెట్ స్కీకి అవే నరకం, కంకర రోడ్డు మీద సైకిల్ తొక్కినట్టుంటుంది. పైగా మధ్యాహ్నం పార్టీ పడవలు, ఫెర్రీలు, సొంత పడవలు అన్నీ రోడ్డెక్కుతాయి. ఇంకోటి, సెప్టెంబర్‌లో ఉరుములతో కూడిన వానలు ఉన్నట్టుండి రావచ్చు. ఐదు రాత్రుల్లో రెండో రోజుకు బుక్ చేస్తే, రద్దయినా మార్చుకోవడానికి రోజులుంటాయి. వాతావరణం వల్ల వాళ్లు రద్దు చేస్తే డబ్బు వెనక్కి ఇస్తారా, వేరే రోజు మాత్రమే ఇస్తారా అన్నది బుకింగ్‌కు ముందే రాతపూర్వకంగా అడగండి.

బీచ్ నుంచి రెండు వందల మీటర్లు, మిగతా తీరంనుంచి యాభై మీటర్ల లోపల మూడు నాట్ల వేగం దాటకూడదు, అంటే గంటకు అయిదున్నర కిలోమీటర్లు, నడక వేగం. పసుపు బోయాల మధ్య దారిలోనే బయటికి వెళ్లాలి. గైడ్ అక్కడ మెల్లగా పోతుంటే టైమ్ తినేస్తున్నాడనుకోకండి. ఆ టైమ్ కూడా మీ గంటలో కలిసే ఉంటుంది, అది మాత్రం నిజం.

డబ్బు సంగతి. ధర బండికి, మనిషికి కాదు. గంట టూర్ అంటే నూరు యూరోల పైమాటే. పెట్రోలు, వెట్ సూట్ అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. దానికి తోడు కార్డు మీద డిపాజిట్ బ్లాక్ చేస్తారు. మన బ్యాంకు కార్డులకు ఇంటర్నేషనల్ వాడకం యాప్‌లో ఆన్ చేసుకోకపోతే కౌంటర్ దగ్గర తల గోక్కోవాలి. ఎక్కేముందు బండి చుట్టూ, ముఖ్యంగా ముందు మూతి, పక్కలు, అడుగు అంచు ఫోన్‌తో వీడియో తీయండి, పాత గీతలన్నీ పడేట్టు. మా బేస్‌లో ఒకే గీతకు ఒకే వారంలో ఇద్దరి దగ్గర డబ్బు తీసుకోవడం నేను చూశాను. నేను అక్కడ మానేయడానికి అదీ ఒక కారణం.

స్పెయిన్‌లో జెట్ స్కీకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి, అంటే మీరు ఇంకొకరికి చేసే నష్టానికి. బండికి మీరు చేసే నష్టం, మీకు తగిలే దెబ్బలు వేరే సంగతి. నష్టం జరిగితే మీ జేబునుంచి ఎంతవరకు పోతుందో స్పానిష్‌లో "ఫ్రాంకీసియా" అంటారు, ఆ అంకె కాగితం మీద చూడండి. షెంగెన్ వీసాకోసం మీరు తీసుకున్న ముప్పై వేల యూరోల పాలసీ ఉంది కదా అనుకోవద్దు. అలాంటి చాలా పాలసీల మినహాయింపుల జాబితాలో అడ్వెంచర్ స్పోర్ట్స్, మోటార్ ఉన్న నీటి ఆటలు ఉంటాయి. ఇవాళే ఆ పేజీ తీసి చదవండి. ఉంటే కొద్దిగా ప్రీమియం కట్టి యాడ్-ఆన్ తీసుకోండి. ఇది ఇండియాలో ఉండగానే చేసుకోవాల్సిన పని.

చిన్న సంగతులు కొన్ని. సన్ స్క్రీన్ అరగంట ముందే రాసుకుని చేతులు సబ్బుతో కడుక్కోండి, లేకపోతే పిడి జారుతుంది, సీటు మీద మీరు జారతారు. కళ్లద్దాలుంటే తల వెనక కట్టే పట్టీ తీసుకెళ్లండి. టిఫిన్ లైట్‌గా చేయండి. కడుపు తిప్పేది పరుగులో కాదు, ఫోటోలకోసం ఆగి అలల మీద ఊగుతున్నప్పుడు. జెల్లీ చేపలు కుట్టవచ్చు, వెట్ సూట్ అందుకూ పనికొస్తుంది. గైడ్ చేతి సైగలు బేస్‌ను బట్టి మారతాయి, చెయ్యి పైకెత్తితే ఆగమనే అర్థం దాదాపు అన్నిచోట్లా. ఏదైనా పెద్ద ప్రమాదమైతే 112, సముద్రంలో రక్షణకు సాల్వమెంటో మారిటిమో నంబర్ 900 202 202. ఇవి గైడ్ చూసుకుంటాడు, అయినా మీ ఫోన్‌లో ఉండనివ్వండి.

ఇక ఎస్ వెద్రా. చూడకుండా రావద్దు, నేను వద్దన్నది జెట్ స్కీ మీద వెళ్లడమే. సముద్రంలోంచి నాలుగు వందల మీటర్ల దాకా నిటారుగా లేచిన సున్నపురాయి కొండ అది, మనుషులుండరు, రక్షిత ప్రాంతం. దానికి అయస్కాంత శక్తి ఉందనీ, దిక్సూచులు పిచ్చెక్కుతాయనీ గైడ్లు చెప్తారు. నేనూ చెప్పేవాణ్ణి, టిప్పు బాగా వచ్చేది. సున్నపురాయికి అయస్కాంతం ఎక్కడిది! ఒకరోజు కారు అద్దెకు తీసుకుని సాయంత్రం ఏడుకల్లా దానికి ఎదురుగా ఒడ్డున ఉన్న కాలా దోర్ట్ బీచ్ దగ్గరికి చేరుకోండి. ఆ వారంలో పొద్దు గుంకేది ఎనిమిది గంటల ప్రాంతంలో. పార్కింగ్ దొరకడం కష్టం, ఏడు దాటితే అసలు దొరకదు. కొండ అంచు దగ్గర రాళ్లు వదులుగా ఉంటాయి, చెప్పులు కాకుండా బూట్లు వేసుకెళ్లండి. తిరిగొచ్చేటప్పుడు దారి చీకటి, టార్చ్ పట్టుకెళ్లండి.